ప్రజ్ఞాపూర్ దాకా ఆడవాళ్ల బండ్లు

తెలంగాణ కోసం సమ్మె నడుస్తూ, సిద్దిపేటలో బస్సులు డిపో దాటని రోజుల్లో నేను స్కూటీ నేర్చుకున్నాను. అప్పుడు ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నర్సుగా చేసేదాన్ని. రోజూ నడిచేంత దగ్గర కాదు, ఆటోలు దొరికేవి కావు. పక్కింటామె తన స్కూటీ నాకిచ్చి, ఖాళీ రోడ్డు మీద నా వెనక కూర్చుని నేర్పింది. ఆమెది మద్దూరు, జిరాక్సు షాపులో పని. నేను బ్రేకూ రేసూ ఒక్కసారే పట్టుకుంటే నవ్వేది తప్ప విసుక్కునేది కాదు.

ఆమె భర్త ఉద్యమంలో ముందుండే మనిషి. దీక్షా శిబిరంలో ఆయన మైకు అందుకుంటే దారిన పోయేవాళ్లు ఆగి వినేవాళ్లు. నేనూ ఆగి విన్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుని మా దవాఖానకు వచ్చింది. బాత్రూంలో జారిపడ్డానని డాక్టరుకు చెప్పింది. మణికట్టు విరిగింది. పిండికట్టు వేయడానికి నేను కొంగు పక్కకు తీస్తే మెడ మీద వేళ్ల గుర్తులు కనిపించాయి. డాక్టరు అవతలి గదికి వెళ్లేదాకా ఆగి ఆమె నా వైపు తిరిగింది.

"జారి పడలే అక్కా. అన్నం సల్లగున్నదని కొట్టిండు."

అలాంటి చేతులు అప్పటికే ఎన్నో చూశాను. అందరూ జారిపడినవాళ్లే. నిజం చెప్పిన మొదటి మనిషి ఈమె. ఆ మాట విన్నాక ఆమెను ఆ ఇంటికి పంపడం నావల్ల కాలేదు. మా వీధి చివర టైలరింగు షాపు నడిపే పెద్దావిడ దగ్గరికి తీసుకుపోయాను. ఆమెను అందరం ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేవాళ్లం. షాపు పైన ఒక గది ఖాళీగా ఉండేది. ఖాలా పిండికట్టు చూసింది, ఏమీ అడగకుండా తాళంచెవి ఇచ్చింది. ఇట్లాంటివాళ్లు ఇంకా వస్తారు, ఈ గదిని ఇక కిరాయికి ఇవ్వనని మాత్రం అంది. కానీ గదిలో ఒక చాప తప్ప ఏమీ లేదు.

రోజూ మగవాళ్ల బైకు ర్యాలీలు ఖాలా షాపు ముందు నుంచే పోయేవి. మనమెందుకు పోకూడదని ఖాలాయే అడిగింది. బస్సులు బందైన పుణ్యాన మా పేటలో చాలామంది ఆడవాళ్లు బండి నేర్చుకున్నారు. ప్రజ్ఞాపూర్ దాకా పోదాం, దారిలో ప్రతి ఊళ్లో ఆగి ఇళ్లల్లో పడుతున్న దెబ్బల గురించి చెబుదాం, గది కోసం బొంతలు, గిన్నెలు, బియ్యం అడుగుదాం అనుకున్నాం. రోడ్ల మీద అడ్డగింతలు ఉంటాయి కాబట్టి ముందుగా శిబిరంలో చెప్పడానికి వెళ్లాం. అక్కడి పెద్దమనిషి మర్యాదగానే వద్దన్నాడు. ముందు రాష్ట్రం రానివ్వండి, ఇంటి పంచాయితీలు తర్వాత చూసుకుందాం అన్నాడు.

"రాష్ట్రం వచ్చినంక గూడ మేము గా ఇండ్లల్లనే బతకాలె గద భయ్యా," అంది ఖాలా.

ఆయన తల వంచుకుని చందా పుస్తకం తిరగేయసాగాడు. మేము దాన్నే ఒప్పుకోలుగా తీసుకున్నాం.

ఆదివారం పొద్దున బయల్దేరాం. ఖాలా ఒక టీచరు వెనక, పక్కింటామె నా వెనక కూర్చున్నారు. దుద్దెడలో మమ్మల్ని ఉద్యమ ర్యాలీ అనుకుని జై తెలంగాణ అన్నారు, మేమూ అన్నాం. తర్వాత ఆమె బండి దిగి, పిండికట్టు దాచుకోకుండా, తనకేం జరిగిందో చెప్పింది. వింటున్న ఒక ముసలామె ఇంట్లోకి పోయి బొంత తెచ్చి నా బండి మీద పెట్టింది. తన కథ ఏమీ చెప్పలేదు, బొంతను రెండుసార్లు తట్టి వెళ్లిపోయింది.

కుకునూరుపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లున్నాయి. అక్కడున్న వాళ్లలోంచి ఆమె భర్త ముందుకొచ్చాడు. నేను బండి ఆపాను. ఆయన అరవలేదు. ఇజ్జత్ తీస్తున్నావు, ఇంటికి నడువు అని పళ్లు బిగించి అన్నాడు.

ఆమె బండి దిగి ఆయన ఎదురుగా నిలబడింది.

"నేను ప్రజ్ఞాపూర్ పోతున్న. ఆడికెళ్లి గూడ నీ ఇంటికి రాను. నువ్వు నా చెయ్యి ఇరగ్గొట్టినవని గీళ్లందరికి చెప్పే పోత."

ఆయన చెయ్యి పైకి లేచింది. బండ్ల మీదున్న మేమందరం దిగాం. ఆయన చుట్టూ చూశాడు. గులాబీ కండువా వేసుకున్న ఒక నడివయసు రైతు వంగి రాయి పక్కకు దొర్లించాడు. ఇంకో ఇద్దరు వచ్చి సాయం పట్టారు. పోండి అక్కా అన్నాడు ఆ రైతు, ఆమె ముఖం చూడలేక నేల చూస్తూ.

ప్రజ్ఞాపూర్ చేరేసరికి ఎండ ముదిరింది. కూడలిలో హోటలాయన అందరికీ చాయ్ పోయించాడు. ఒక బట్టల షాపామె నాలుగు దుప్పట్లిచ్చి, మళ్లీ వచ్చేటప్పుడు తనకూ చెప్పమంది, తానూ వస్తానంది. తిరుగుదారిలో బండ్ల మీద సామాను కట్టుకుని, నింపాదిగా ఒకరి వెనక ఒకరం వచ్చాం.

ఎక్కువ రోజులు కాకముందే అక్కన్నపేట నుంచి ఒకామె ఆ గది అడుగుతూ వచ్చింది. తర్వాత గది ఖాళీగా ఉన్న రోజులు తక్కువ. పక్కింటామె భర్త పెద్దమనుషులతో వస్తే, ఖాలా మెట్ల మీదే నిలబెట్టి మాట్లాడి పంపింది. ఆమె భర్త మీద పెట్టిన కేసు ఏళ్లపాటు సాగింది, చివరికి ఆమె విడిపోయింది. ఆ ఏళ్లలో మేము ప్రజ్ఞాపూర్ వెళ్లడం మానలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు సిద్దిపేటంతా రంగులు చల్లుకుంది. మేమూ చల్లుకున్నాం. ఆ సందట్లోనే ఒకామె చంకలో బిడ్డతో, పగిలిన పెదవితో షాపు మెట్లెక్కి వచ్చింది. ఖాలా బయటికెళ్లింది. నేను చేతులకంటిన రంగు కడుక్కుని, పైగది తలుపు తీసి, పొయ్యి మీద బియ్యం పెట్టాను.