విప్పడానికేం లేని పువ్వు

ఈ ఉదయం గంజి పెట్టిన లేసు ఆరేస్తుంటే, ఆ తడి నూలు వాసనకి మంగతాయారుగారి అరుగు గుర్తొచ్చింది. నరసాపురంలో ఆవిడది మా పక్కిల్లు. పదేళ్ళ వయసులో నా చేత లేసు సూది పట్టించింది ఆవిడే. అల్లిక తప్పితే తిట్టేవారు కాదు. “ఎక్కడ తప్పావో అక్కడిదాకా విప్పవే. పైన ఎంత బాగా అల్లినా తప్పు అడుగునే ఉంటుంది” అనేవారు. నా చదువు పదో తరగతితోనే ఆగినా, లైబ్రరీలో చదివిందల్లా ఆవిడకు చెప్పేదాన్ని. “మా డాక్టరమ్మ వచ్చింది” అని మురిసిపోయేవారు.

ఆవిడకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆస్పత్రిలో మాత్రలిచ్చి, రోజూ చేతికి కసరత్తు చేయించమని పంపారు. అప్పుడే లైబ్రరీలో ఒక పత్రిక చూశాను. దెబ్బతిన్న నరాలను మళ్ళీ చిగురింపజేసి, కదలిక తెప్పించే మందుల గురించి రాశారు. సగం చదివి పరిగెత్తుకొచ్చాను. “మందొచ్చేస్తోందండి. అందాకా చేతిని కష్టపెట్టకండి” అన్నాను. నా చదువు మీద నమ్మకంతో, మాత్రలు మింగుతూ పది రోజులు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

మళ్ళీ చూపించడానికి వెళితే, డాక్టరుగారు వేళ్ళు వంచి చూశారు. “ఎక్సర్‌సైజు మానేశారా? బిగుసుకుపోతున్నాయమ్మా.”

పక్కనే నేనున్నాను. ఆవిడ నావైపు చూడలేదు. “బద్ధకించానండి” అన్నారు.

తిరుగు బస్సులో ఏడ్చాను. “ఏడుపు తర్వాత. ముందు తప్పెక్కడో చూడు. ఆ మందు ఎవరికి పనిచేసిందంట?” అని అడిగారు. మర్నాడు లైబ్రరీకి వెళ్ళి చివరిదాకా చదివి వచ్చాను.

“ఎలుకలకండి. మనుషుల మీద ఇంకా పరీక్షలే చేస్తున్నారంట. మందొచ్చినా కసరత్తు తప్పదంట.”

“మరి ఎలకలు లేసు అల్లేదాకా ఆగుదామా? ఇలా తే ఆ సూది.”

డాక్టరుగారు చెప్పిన కసరత్తు అయ్యాక, రోజూ మధ్యాహ్నం సూది పట్టేవారు. అది వేళ్ళలోంచి జారిపోయేది. నెలల తర్వాత వంకరటింకరగా ఒక పువ్వు అల్లారు. బాగుందన్నాను. “మొహమాటపడకు” అంటూ నా చేతికిచ్చారు. విప్పాను. అలా ఎన్నో విప్పాను. వానాకాలం వెళ్ళిపోతుండగా ఒక పువ్వు ఇచ్చారు. రేకురేకూ తిప్పి చూశాను.

“విప్పడానికేం లేదండి.”

“సరిగ్గా చూడు.”

మళ్ళీ చూశాను. ఏమీ లేదు. ఏడుపొచ్చింది. ఈసారి ఆవిడ “ఏడుపు తర్వాత” అనలేదు.

ఆ చేత్తో ఆవిడ ఇంకో ఆరేళ్ళు అల్లి వెళ్ళిపోయారు. నరాలను చిగురింపజేసే మందుల వార్త కనబడితే ఇప్పటికీ ఆశగా కత్తిరించి దాచుకుంటాను. కాకపోతే, చివరి పేరా ముందు చదువుతాను.