గచ్చు మీద పాకిన దోస్తులు

దగ్గరగా జరిగి కూర్చోండి, మా కోదాడ ఇంటి ముచ్చట చెబుతాను. బండి మీంచి పడి కాలు విరిగిన మా అబ్బాయి శ్రీకాంత్, కట్టు విప్పినా భయంతో మంచం దిగలేదు. నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పారు.

ఓ ఆదివారం సూర్యాపేట, మిర్యాలగూడల నుంచి ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. వాడితో ఫోన్‌లో ఆట ఆడేవాళ్లట, ముఖాలు చూసుకోవడం అదే మొదలు. వస్తూనే గడపలో బోర్లా పడుకుని, మోచేతులతో మంచం వైపు పాకారు! ఏదో పారేసుకున్నారనుకుని నేనూ చీపురుతో మంచం కింద దూరాను.

"ఏం పడ్డది బిడ్డా, ఉంగరమా?"

"మీ కొడుకే పడ్డడు పెద్దమ్మా! మా ఆటల పడ్డోన్ని గిట్లనే పాక్కుంట పోయి లేపుతం."

మా శ్రీకాంత్ పడీపడీ నవ్వుతూ వాళ్ల భుజాలు పట్టుకుని లేచాడు, రెండడుగులు వేశాడు! మంచం కింద ఇరుక్కున్న నన్ను కూడా వాళ్లే లాగారు. అన్నాళ్లూ ఆ ఆటను ఎంత తిట్టానో!

పడితే లేపేవాళ్లు మీ ఇంటికీ ఉండాలి, మీ గడప నవ్వులతో నిండాలి.