మొదటి లైను మనిషి

వ్యాను బెల్టు తెగి రోడ్డు పక్కన ఆగిపోయింది. దిగినవాళ్లందరం నీడ వెతుక్కుంటుంటే ఒకడు మాత్రం కల్వర్టు గోడ మీద లాప్‌టాప్ తెరిచిపెట్టి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి ఎవరినో కడిగేస్తున్నాడు.

"మా వైపు అంతా క్లీనండీ. మీ క్లౌడే తిరగ్గొడుతోంది. ఫోర్ నాట్ త్రీ వస్తోందంటే అర్థమేంటి, తాళంచెవి తప్పనేగా. మొత్తం చదవడం దేనికండీ? నంబరు చూశాక ఇంకా చదివేదేముంది?"

అటువైపు ఎవరో ఆడపిల్ల. గొంతు నాకూ వినిపిస్తోంది. దయచేసి ఆ నంబరు కింద ఉన్నది కూడా చదవండి సార్ అని ఓపిగ్గా బతిమాలుతోంది. ఇతగాడు ఫోను పెట్టేసి నావైపు తిరిగి, "ఇలాంటి వాళ్లని కూర్చోబెడతారు సపోర్టులో" అన్నాడు, నేను కూడా ఆ పిల్లను తిట్టాలన్నట్టు.

నేను తిట్టలేదు. అక్షరం ముక్క రానివాడితో రోజంతా కబుర్లు చెప్పగలను. సగం వాక్యానికే అర్థమైపోయిందని తలూపేవాడి పక్కన నిమిషం కూర్చోవాలంటే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ప్రయాణాల్లో పక్కవాణ్ణి ఎంచుకునే హక్కు ఎవరికి ఉంది గనక. బెల్టు కోసం ఊళ్లోకి మనిషిని పంపానని డ్రైవరు చెప్పాడు. ఊరు కనుచూపు మేరలోనే ఉంది. ఇతగాడు నడిచిపోదాం రమ్మన్నాడు. ఎండలో నిలబడటం కన్నా నయమని బయలుదేరాను. పది అడుగులు వేశామో లేదో ఇంకో ఫోను వచ్చింది. "ఒక్క నిమిషం పట్టుకోండి పెద్దాయనా" అని లాప్‌టాప్ సంచీ నా భుజానికి తగిలించాడు. ఆ నిమిషం ఊరు వచ్చేదాకా సాగింది.

దారిలో తన వృత్తేమిటో చెప్పాడు. ఒకచోట ఉన్న సాఫ్ట్‌వేరు, ఎక్కడో అద్దెకు తీసుకున్న పెద్ద కంప్యూటర్లతో మాట్లాడాలి. ఆ పెద్ద కంప్యూటర్ల గుంపునే క్లౌడంటారు. మాటలు సాగడానికి అక్కడొక కిటికీ ఉంటుంది, దాని పేరు ఏపీఐ. పద్ధతిగా అడిగితే ఇస్తుంది. పద్ధతి తప్పితే మూడంకెల నంబరొకటి మొహాన కొడుతుంది. అలా కొట్టినప్పుడు ఎందుకు కొట్టిందో కనిపెట్టడం ఇతగాడి పని.

"నాలుగొందల ఒకటి అంటే నువ్వెవరో తెలీదు పో అని. నాలుగొందల మూడంటే నువ్వెవరో తెలుసు, అయినా పో అని. ఆఫీసులో నన్నే ఫోర్ నాట్ త్రీ అంటారు. ఎంత పెద్దవాడు వచ్చి చెప్పినా ఒప్పుకోనని" అన్నాడు. ఆ పేరు బిరుదనుకుంటున్నాడు పాపం.

కిటికీల దగ్గర నిలబడ్డ అనుభవం నాకూ ఉంది. సరిహద్దు చౌకీల్లో, రేవుల్లో, గ్రంథాలయాల్లో నా మొహం మీద మూసుకున్న కిటికీలకు లెక్క లేదు. ఒక రేవులో గుమాస్తా నన్ను పేరుపెట్టి పలకరించాడు, మా ఇంట్లో వాళ్ల క్షేమం అడిగాడు, ఆ తర్వాతే కుదరదన్నాడు. ఎందుకు కుదరదో ఆ రోజుకీ చెప్పలేదు, ఈ రోజుకీ నాకు తెలియదు. అందుకే అడిగాను, మీ కిటికీ కూడా కారణం చెప్పదా అని.

"చెప్తుంది. నంబరు కింద పేద్ద పేరా రాస్తుంది. దాన్నెవడు చదువుతాడండీ?"

నేను పది దేశాలు తిరిగి, కాళ్లావేళ్లా పడినా దొరకని కారణాన్ని ఇతగాడికి కిటికీ రాసి మరీ చేతికిస్తోంది. ఇతగాడు దాన్ని చదవడు.

చదవకపోవడం ఇవాళ్టి అలవాటు కాదు. ఫొటోకాపీ మిషన్లు అమ్మే కుర్రాడిగా మొదలుపెట్టాడట. మిషను ఆగితే పక్క మీద ఒకటి చరిచి నడిపించేవాడు. నడిచేది. అక్కణ్ణుంచి వీడియోలు చూసి సాఫ్ట్‌వేరులోకి దూకాడు. ఆ వీడియోలు కూడా చివరిదాకా చూడలేదని తనే గొప్పగా చెప్పాడు. పెళ్లయ్యాక బట్టలుతికే మిషను కొన్నాడు. స్విచ్చి వేసేసరికి అది బాత్రూంలోంచి నడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. కంపెనీతో యుద్ధం చేసి మార్పించాడు. రెండోదీ నడిచింది. దాన్నీ వెనక్కి పంపబోతుంటే మెకానిక్కు వచ్చి, లారీలో కదలకుండా బిగించిన బోల్టులు తీయకుండానే వాడుతున్నారని చెప్పి, పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించాడు.

"మరి సిగ్గేయలేదా?"

"నాకెందుకు సిగ్గు? అంత ముఖ్యమైన ముక్క మొదటి పేజీలో వెయ్యొద్దూ? మా ఆవిడా అంతే. మెసేజీ పెడితే అసలు సంగతి అడుగున ఉంటుంది. కిందికి లాగి చదివే ఓపిక ఎవరికుంది?"

ఆ ఇల్లాలి మీద జాలేసింది. పైకి ఏమీ అనకుండా ఇప్పుడు వెళ్లేదెక్కడికని అడిగాను.

"స్కానింగ్ సెంటరు. మా వదినే అక్కడ ఆపరేటరు. నేనే పెట్టించాను. మా అన్నయ్య పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది, ఇల్లంతా వదిన జీతం మీదే నడుస్తోంది. స్కాన్ తీసిన బొమ్మలు క్లౌడుకి పోవాలి, వేరే ఊళ్లో ఉన్న డాక్టరు చూసి రిపోర్టు రాయాలి. వారం నుంచి ఒక్క బొమ్మ పోవట్లేదు. ఇవాళ సాయంత్రంలోగా బాగవకపోతే కొత్త ఆపరేటర్ని పెట్టుకుంటానని ఓనరు పట్టుబట్టాడు."

"అందులో ఆపరేటరు తప్పేముంది?"

"ఆపరేటర్ మిస్టేక్ అని నేనే మెయిల్ పెట్టానుగా. వదిన ఏదో నొక్కి కీని, అంటే ఆ కిటికీ తాళంచెవిని, చెడగొట్టి ఉంటుంది."

"వెళ్లి చూశావా?"

"చూడ్డమెందుకు, ఫోర్ నాట్ త్రీ అంది కదా. అయినా వృత్తి వృత్తే పెద్దాయనా, అందులో బంధుత్వాలుండవు. అందుకేగా సెలవు పెట్టి మరీ వెళ్తున్నా. ఎలాగోలా వదిన ఉద్యోగం నేనే కాపాడాలి."

నిప్పు పెట్టినవాడే బక్కెట్టుతో పరిగెత్తుతున్నాడు. పైగా ఊరంతా తనకి దండం పెట్టాలన్న ధీమా మొహంలో.

స్కానింగ్ సెంటరులో బల్లల నిండా జనం. ఒకాయన కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని దానికేసే చూస్తూ కూర్చున్నాడు. కౌంటరు వెనక వదిన ఉంది. నలభై దాటిన మనిషి, కళ్లజోడు నెత్తి మీదికి నెట్టుకుని ఫిల్ములు కవర్లలో పెడుతోంది.

"రా మరిదీ" అంది తలెత్తకుండానే. "మెయిలు ముందొచ్చింది, మనిషివి వెనకొచ్చావు."

"అది ఊరికే ఫార్మాలిటీ వదినా."

"సారు చదివి వినిపించారు ఆ ఫార్మాలిటీ. మీ అన్నయ్య రాత్రి అన్నం ముట్టలేదు. ఈ పెద్దాయనెవరు, నీ సంచీ మోయడానికి తెచ్చుకున్నావా?"

ఆవిడ నాకు కుర్చీ వేసింది. ఇతగాడు కంప్యూటరు ముందు కూర్చుని కీ మార్చాడు. నాలుగొందల మూడు. మిషను ఆపి మళ్లీ పెట్టాడు. అదే నంబరు. వైరు పీకి, ఊది, గుచ్చాడు. ఇంకో కీ తెప్పించాడు. సాఫ్ట్‌వేరు తీసేసి మళ్లీ ఎక్కించాడు. కిటికీ మాత్రం ప్రతిసారీ అదే నంబరూ, దాని కింద అదే పేరా ఇచ్చింది. పేరా తెర మీదికి రాగానే ఇతగాడి చెయ్యి దానంతటదే దాన్ని మూసేస్తోంది, ఈగను తోలినట్టు.

"మా రిపోర్టు ఇవాళైనా వస్తుందామ్మా?" అన్నాడు చెయ్యి విరిగినాయన.

"మా మరిది వచ్చాడుగా బాబాయ్. ఇంకా ఆలస్యమవుతుంది" అంది వదిన.

బల్ల మీదివాళ్లు నవ్వారు. ఇతగాడి చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ కవర్లు పక్కన పెట్టి వచ్చి వెనక నిలబడింది.

"ఆ కింద రాసిందేంటి?"

"అదేం లేదు వదినా, మామూలుగా వస్తుంది."

"చదువు."

"నీకు అర్థం కాదు."

"నా ఉద్యోగం పోయేది దాని వల్లేగా. నేనేం తప్పు చేశానో వినాలనుంది. చదువు మరిదీ, చివరిదాకా."

ఇతగాడు విసుగ్గా మొదలుపెట్టాడు. మొదటి లైను గడగడా చదివాడు. రెండో లైనుకి గొంతు తగ్గింది. మూడో లైను మధ్యలో ఆగి, తన ఫోను తీసి చూశాడు, తెర మూలనున్న అంకెలు చూశాడు, చివరికి గోడ గడియారం చూశాడు.

"ఈ కంప్యూటర్ టైము ఇరవై నిమిషాలు ముందుందేంటి?"

"సారు తిప్పించారు" అంది వదిన. "మేం పెందలాడే రావాలని గోడ గడియారం ఎప్పుడూ ముందుకే పెట్టి ఉంచుతారు. మేం కంప్యూటర్లో టైము చూసుకుంటున్నామని కనిపెట్టి, పోయిన వారం దీన్నీ తిప్పించారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగింది నేనేం నొక్కానని. నేనేమీ నొక్కలేదు."

సంగతి ఇది. ఇక్కణ్ణుంచి పోయే ప్రతి విన్నపం మీదా సంతకంతో పాటు అది బయలుదేరిన టైము కూడా ఉంటుందట. పావుగంట తేడా దాకా క్లౌడు సర్దుకుపోతుంది. అంతకు మించితే ఇదేదో దొంగ సంతకమని తలుపేస్తుంది. ఆ ముక్కే వారం రోజులుగా పేరాలో రాసి పంపుతోంది.

గడియారాన్ని ముందుకు తిప్పి కాలాన్ని లొంగదీశామనుకునే యజమానులను నేను చాలా చోట్ల చూశాను. నాలుగు రోజుల్లో పనివాళ్లు ఆ తేడా తీసేసి లెక్కేసుకుంటారు, ఎప్పుడొచ్చేవాళ్లు అప్పుడే వస్తారు. గడియారాన్ని నమ్మేది ఆ యజమాని ఒక్కడే.

ఇతగాడు ఎవరూ చూడటం లేదన్నట్టు టైము సరిచేశాడు. బొమ్మ వెళ్లింది. దాని వెనక ఇంకోటి, వారం నుంచి ఆగి ఉన్నవన్నీ వరసగా కదిలాయి. సరిగ్గా అప్పుడే ఓనరు లోపలి గదిలోంచి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతికి పెద్ద గడియారం.

"అయిందా? ఏంటట ప్రాబ్లం?"

"కీ ప్రాబ్లం సార్" అన్నాడు ఇతగాడు లేచి నిలబడి. "మార్చేశాను. ఇకమీదట జాగ్రత్తగా ఉండమని ఆపరేటర్‌కి కూడా చెప్పాను."

రైళ్లలో జేబులు కొట్టేవాళ్లతో కలిసి తిన్నాను నేను. వాళ్లల్లో ఒకడైనా ఇంత తేలిగ్గా అబద్ధమాడగా వినలేదు. వదిన కళ్లజోడు నెత్తి మీంచి దించి, తుడిచి పెట్టుకుంది.

ఓనరు తృప్తిగా తలూపి వెనుదిరగబోతూ ఆగాడు. గడియారాల మీద ధ్యాస ఉన్న మనిషి కదా, చూపు తెర మూలకి పోయింది.

"టైమెవరు మార్చారు?" అన్నాడు. జవాబు రాకముందే వదిన వైపు తిరిగాడు. "ఇదన్నమాట సంగతి. ఆలస్యంగా వచ్చి టైము వెనక్కి తిప్పుకుంటున్నావన్నమాట. కీ చెడగొట్టింది చాలక ఇదొకటా? నీతో కాదమ్మా ఇక. రేపట్నుంచి వేరే మనిషిని చూసుకుంటాను."

వదిన మరిది మొహంలోకి చూసి, "ఎవరు మార్చారో చెప్పు" అంది మామూలు గొంతుతో.

ఇతగాడు గోడకేసి చూశాడు, నాకేసి చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

"నేనే మార్చాను సార్."

"ఎందుకు?"

"అది ముందుకుంటే బొమ్మలు పోవు."

"కీ అన్నావుగా ఇప్పుడే?"

"కీ కాదు."

"మరి ఆపరేటర్ మిస్టేక్ అని మెయిల్ రాశావు?"

"రాశాను."

"ఎవరి మిస్టేకయ్యా మరి?"

ఇతగాడు పాత పేరాను మళ్లీ తెర మీదికి తెచ్చాడు. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ప్రతి ముక్కనూ మామూలు మాటల్లో చెప్పాడు. చెప్పాక, "గడియారానిది సార్. దాన్ని తిప్పింది మీరు" అన్నాడు.

"నా సెంటరు, నా గడియారం, నా ఇష్టం."

"గోడదైతే మీ ఇష్టం. దీన్ని తిప్పితే మళ్లీ ఆగిపోతుంది."

ఓనరు కాసేపు తెరకేసి గుర్రుగా చూశాడు. బొమ్మలు పోతున్నాయి. బల్లల మీద జనం ఆయన్నే చూస్తున్నారు. వదిన వైపు తిరగకుండానే, "సరేలే, రేపు మామూలు టైముకి రా" అన్నాడు.

"ఏ గడియారం ప్రకారం సార్?"

చెయ్యి విరిగినాయన నవ్వాపుకోలేక దగ్గాడు. ఓనరు లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

ఇతగాడు మారిపోయాడని ఎవరైనా అనుకుంటే వాళ్ల ఖర్మ. ఆ గదిలో ఇంకో దారి ఉండి ఉంటే అందులోంచే జారుకునేవాడు. రేపు ఆఫీసులో ఈ కథ తన ఘనకార్యంగా తిరుగుతుంది, పేరాను చదివించిన వదిన అందులో ఉండదు. అంతా అనుకుని కూడా, ఆ చదివిన తీరు నాకు మింగుడుపడటం లేదు. పూర్తిగా అసహ్యించుకునే సుఖం కూడా దక్కనివ్వలేదు వెధవ.

"మీ అన్నయ్యకి ఫోన్ చేసో ఇంటికెళ్లో నువ్వే చెప్పు" అంది వదిన, ఇల్లున్న వీధి రెండో చివరకేసి చెయ్యి చూపిస్తూ. "నా మాట కన్నా నీ మాటే నమ్ముతాడు."

వైరు చుట్టాడు, లాప్‌టాప్ సంచీలో పెట్టాడు, జిప్పు లాగాడు.

"వ్యాను సిద్ధమై ఉంటుంది" అన్నాను నేను.

వదిన కౌంటరు వెనక్కి వెళ్లి తర్వాతి పేరు పిలిచింది. ఒక ముసలమ్మ గోడ పట్టుకుని లేచింది. ఆవిడకి దారి ఇవ్వడానికి ఇతగాడు పక్కకి ఒదిగి, గుమ్మం దాటి, వదిన వైపు గానీ నావైపు గానీ చూడకుండా, వ్యాను ఉన్న దిక్కుకి కాకుండా రెండో దిక్కుకి నడిచి వెళ్లిపోయాడు.