ఫోటో వెనక అత్త ముఖం

మొన్న మా మనవరాలు, నా మేనత్త పాత నలుపు తెలుపు ఫోటోకు సెల్‌ఫోన్‌లో రంగులద్ది తెచ్చి చూపించింది. ఇంటిల్లిపాదీ అచ్చం ఆమేనన్నారు. ఆమె పోయాక పుట్టినవాళ్లు కూడా అన్నారంటే వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. నేనూ తలూపాను గానీ, ఫోన్ వెంటనే తిరిగి ఇచ్చేశాను.

తల్లి లేని నన్ను పెంచింది ఆ అత్తే. మామ పోయాక, కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ బజారులో చిల్లర అంగడి ఒంటిచేత్తో నడిపింది. ఒక్కసారి అంగడి మెట్టెక్కినవాళ్ల ముఖం ఆమె మరిచిపోదని బజారంతా పేరు, ఆ పేరంటే ఆమెకూ కాస్త గర్వమే. అందుకే, మారికుప్పం స్టేషన్‌లో రైలు కదులుతుండగా ఎవడో కిటికీలోంచి చేయి పెట్టి, మామ చేయించిన ఒకే ఒక్క గొలుసును రెప్పపాటులో ఆమె మెడలోంచి తెంపుకుపోయినప్పుడు, ముఖం చూసింది కదా, దొంగ ఇంక దొరికినట్టేనని అందరం అనుకున్నాం. విచారణకొచ్చిన పోలీసాయన ముందుగా ఒక కుర్రాడి ఫోటో చూపించాడు. కొన్నాళ్లకు జైలులో కొందరిని వరుసగా నిలబెట్టి గుర్తుపట్టమంటే, అత్త తడుముకోకుండా ఆ కుర్రాడి భుజం మీదే చేయి వేసి వచ్చింది.

కేసు కోర్టుకెక్కేసరికి చాలా కాలం పట్టింది. ఆ రోజు నన్ను తోడు తీసుకెళ్లింది. వరండాలో ఆ కుర్రాడి తల్లి, టేకల్ పక్క పల్లెలో రాగులు పండించుకునే మనిషి, కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుని ఉంది. బోనెక్కిన అత్తను, రైలు దగ్గర చూసింది ఇతన్నేనా అని అడిగారు. అత్త కళ్లు మూసుకుంది, తెరిచింది. తర్వాత కన్నడంలో మొదలుపెట్టి తెలుగులోకి జారిపోయింది.

“స్వామీ, కండ్లు మూస్తే నాకు పోలీసాయన చూపించిన ఫోటోనే కనపడతా ఉండాది. ఆ పొద్దు చూసిన మొగం యాడ పోయిందో! ఇంట్లో మా ఆయన పటానికి దినామూ దీపం పెడతా ఉండాను. ఇప్పుడు ఆయన్ని తల్చుకున్నా ఆ పటమే వస్తాది, మనిషి రాడు. ఇదీ అట్లే అయిపోయినాది. ఇతనేనని నేను చెప్పలేను.”

కుర్రాడిని వదిలేశారు. గొలుసు మళ్లీ కంటబడలేదు. చేజేతులా పోగొట్టుకున్నావని మా నాన్న చాన్నాళ్లు సణిగాడు. బోసి మెడను తడుముకునే అలవాటు మాత్రం అత్తకు చివరిదాకా పోలేదు.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మనిషికి ఒక్క ఫోటో ఉంటే గొప్ప. ఇప్పుడు అత్త అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, గుమ్మం మీద కెమెరా వేలాడుతోంది. వచ్చిపోయేవాళ్ల ముఖాలు గుర్తుపెట్టుకునే పని ఎవరికీ లేదు. నాకు అత్త వేళ్ల ఇంగువ వాసన గుర్తుంది, జడ వేస్తూ నెత్తిన వేసే మొట్టికాయ గుర్తుంది. ముఖం తలచుకుంటే మాత్రం పటమే వస్తోంది, అదీ మొన్నటినుంచి ఆమె ఎన్నడూ కట్టని గులాబీరంగు చీరతో. ఆ ఫోటో నాకు పంపొద్దని మనవరాలికి చెప్పాను. ఎందుకవ్వా అని అలిగింది. పటం అడ్డం లేకుండా మా అత్తను ఒక్కసారి, ఒక్క రెప్పపాటు, చూడాలని ఉంది.