వాగు గురించి అక్క అడిగిన మాట

ఎనభయ్యో దశకం చివర్లో వచ్చిన పార్లమెంటు ఎన్నికల్లో నేనొక పార్టీ జెండా మోశాను. అప్పటికి డిగ్రీ చేసి రెండేళ్లుగా ఖాళీగా తిరుగుతున్నాను. మా నాన్న చెరకు కొట్టడానికి కర్ణాటక వైపు వలస పోయి, అక్కడే జ్వరంతో చనిపోయాడు. అందుకే మా అభ్యర్థి "మనూర్ రోడ్డుకు ఫ్యాక్టరీ పెట్టిస్తం, ఇగ ఎవ్వరూ వలస పోయే పని లేదు" అంటుంటే నా కళ్లు తడిసేవి. ఎదుటి పార్టీ వాళ్లు ఫ్యాక్టరీలు వద్దు, చెరువులు, కుంటలు బాగుచేయాలనేవారు. నారాయణఖేడ్ బస్‌డిపో ముందు హోటల్లో రోజూ ఇదే లొల్లి. వానే లేనిచోట చెరువులో ఏం నిలుస్తుందని నేను బల్ల గుద్ది అడిగేవాణ్ని.

మా అక్క నాకన్నా పదేళ్లు పెద్దది. భర్త పోయాక కూతురితో మా దగ్గరే ఉండేది. ఊరి వాగు ఒడ్డున చిన్న మడిలో వంకాయ, కొత్తిమీర పండించి గంపలో ఖేడ్ అంగడికి తీసుకెళ్లేది. ఎండాకాలం వాగు ఎండినా, ఇసుకలో చెలిమె తోడితే మోకాటి లోతులోనే తియ్యటి నీళ్లు ఊరేవి. నన్ను చదివించింది ఆ గంపే.

మా ఊళ్లో మీటింగు ఏర్పాటు చేసింది నేనే. అభ్యర్థి మాట్లాడటం అయిపోతుండగా ఆడవాళ్ల మధ్య నుంచి అక్క లేచింది.

"సారూ, ఫ్యాక్టరీల వాడిన నీళ్లు యాడికి ఇడుస్తరు? మా వాగులకేనా?"

అభ్యర్థి నావైపు చూశాడు. మైకు నా చేతికిచ్చాడు.

"అక్కా, గా నీళ్లు పోస్తే నీ వంకాయలు గుమ్మడికాయలంత అయితయి. కూసో!"

జనం విరగబడి నవ్వారు. అభ్యర్థి నా భుజం తట్టాడు. అక్క ఇంకా జవాబు రావాల్సి ఉందన్నట్టు కొంచెంసేపు అలాగే నిలబడి, తర్వాత కొంగు సర్దుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక నాకు అన్నం పెట్టింది.

మావాళ్లు గెలిచారు. రెండేళ్లకు రంగులు తయారుచేసే ఫ్యాక్టరీ వచ్చింది. నాకు గేటు దగ్గర రాతపని దొరికింది. వాగులోకి వేయడానికి పైపులు తెచ్చిన లారీని సంతకం పెట్టి లోపలికి పంపింది నేనే.

ఆ ఎండాకాలమే చెలిమె నీళ్లు ఎర్రబడ్డాయి. కొత్తిమీర మొలకెత్తి మాడిపోయింది. అక్క ఇంకా లోతుకు తవ్వింది, ఇంకోచోట తవ్వింది. చివరికి ఒకరోజు పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చి నా ముందు ఒక చెంబు పెట్టింది.

"తమ్మీ, గీ నీళ్లు మీ సాబుకు సూపియ్యి. ఒక్కసారి వాసన సూడుమను."

"సాబు లేడక్కా" అన్నాను. కొలువు పోతుందని భయం. సాబు కారు నా వెనకే ఆగి ఉంది. ఆమె కారును చూసింది, నన్ను చూసింది. చెంబు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

వానలు పడకముందే కూతుర్ని తీసుకుని జహీరాబాద్ పోయింది. అక్కడ నాలుగిళ్లల్లో పనికి కుదిరింది. నేను గేటు దగ్గర రాసుకుంటూనే ఉన్నాను.

నాలుగేళ్లకు ఫ్యాక్టరీ మూతపడింది. అప్పుడు గాని ఆమె దగ్గరికి వెళ్లే ధైర్యం రాలేదు. అక్క పొయ్యి ముందు రొట్టె కాలుస్తోంది.

"నీ మాట ఇనకపోతినక్కా" అన్నాను.

"ఇనకపోతే ఇనకపోతివి తియ్యి. సదువుకున్నోనివి, నాకన్న నీకే ఎరుక అనుకున్న. గని గంతమంది ముంగట నన్ను నవ్వులపాలు చేస్తివి గద తమ్మీ. గదే మర్వస్తలేదు."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. పళ్లెంలో జొన్నరొట్టె, పప్పు పెట్టి నా ముందుకు జరిపింది.

తర్వాతి చలికాలం ఆమె దవాఖానలో చనిపోయిందని కబురొచ్చింది. ఊరికి తీసుకుపోదామని జీపు మాట్లాడుకుని వెళ్లాను. మేనకోడలు అక్కను జీపు ఎక్కించనివ్వలేదు.

"అమ్మ ఊరికి వద్దన్నది మామా. ఈడనే చేయుమన్నది."

జీపును వెనక్కి పంపేశాను. అక్కడే దహనం చేశాం.