ఒక్క ఈవీ కోసం కవాయి దాకా

వీసా స్టాంపింగ్ భయంతో అమెరికా దాటలేని మాబోటి వాళ్ళకు మిగిలిన విదేశం హవాయి ఒక్కటే. అందులోనూ కవాయి దీవికే ఎందుకంటే, మా పదేళ్ళ సహస్రకు అక్కడి ఈవీ పిట్టను చూడాలని. ఎర్రటి ఒళ్ళు, కొడవలి ముక్కు, పిడికిట్లో ఇమిడే ప్రాణం. ఆ దీవిలో అవి కరువైపోతున్నాయి, తను పెద్దయ్యేసరికి ఉండవేమోనని ఏడాదిగా మా ప్రాణం తీస్తోంది.

పొద్దున పదింటికి డెట్రాయిట్‌లో విమానం ఎక్కాం. లాస్ ఏంజెలెస్‌లో మూడు గంటల పడిగాపులు. కవాయిలోని లిహూయెలో దిగేసరికి అక్కడ సాయంత్రం, మా ఒళ్ళకు మాత్రం అర్ధరాత్రి. రెంట్ కారులో కొండెక్కి, కేబిన్‌లో కుక్కర్ పెట్టి ఆవకాయన్నం తిని పడిపోయాం. వెళ్ళేవాళ్ళు స్వెట్టర్లు పట్టుకెళ్ళండి. డెట్రాయిట్ పక్కన నోవై మంచులో బతికే మేం హవాయి చలికి వణికామంటే ఎవరూ నమ్మడం లేదు.

రెండు రోజులు వాన, బురద. అడవిలోకి వెళ్ళేముందు బూట్లు బ్రష్‌తో తోముకుని మందు కొట్టుకోవాలి, చెట్లకు తెగులు అంటకుండా. ఇంత చేసినా ఈవీ జాడ లేదు. నడుములు పడిపోయాయి.

మూడో రోజే ఆఖరు. పొద్దున ఆరున్నరకు చెక్కబాట మీద బైనాక్యులర్స్‌తో ఒక పెద్దావిడ కలిసింది, ఆ దీవి మనిషే. దోమలు తెచ్చే మలేరియాకు ఈ పిట్టలు తట్టుకోలేవట. ఇదివరకు చలికి దోమలు పైకి వచ్చేవి కావు, ఇప్పుడు వాతావరణం వేడెక్కి అవీ కొండెక్కుతున్నాయట. దోమల గుడ్లు పిల్లలు కాకుండా చేసే మగదోమల్ని వదులుతున్నారని కూడా చెప్పింది. నెల్లూరులో పెరిగినదాన్ని, దోమంటే నిద్ర చెడుతుందనే తెలుసు నాకు. ఈ అడవిలో ఈ ఏడు తనకు ఒక్క ఈవీయే కనిపించిందని చెప్పి ముందుకు నడిచింది.

తొమ్మిదయింది. సహస్ర కళ్ళలో నీళ్ళు. మావారు శ్రీధర్ ఫోన్ తీశారు. "ఒక్కసారి ప్లే చేస్తే ఏం పోతుందే," అన్నారు. ఫోన్‌లోంచి, తుప్పు పట్టిన తలుపు కిర్రుమన్నట్టు, ఈవీ కూత రికార్డింగ్. నేను వద్దనలేదు.

వచ్చింది! మా తలల పైకొమ్మ మీద వాలి, అటూ ఇటూ చూస్తూ, ఫోన్‌కు జవాబుగా కూసింది. సహస్ర నోరు తెరిచి చూస్తోంది.

అంతలో ఆ పెద్దావిడ వెనక్కి పరుగులాంటి నడకతో వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"రెండున్నాయా? రెండు కూతలు విన్నాను," అంది ఇంగ్లిష్‌లో.

శ్రీధర్ ఫోన్ ఆపేశారు. ఆవిడ ఫోన్ వంక చూసింది. తిట్టినా బాగుండేది. తడి చెక్క మీదే కూలబడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

రాత్రి తిరుగు విమానంలో సహస్ర నిద్రపోలేదు. "అమ్మా, దానికి ఎలా తెలుస్తుంది, ఇంకో బర్డ్ లేదని?"

"ఈపాటికి మర్చిపోయుంటుందిలే," అన్నారు శ్రీధర్.

వెళ్ళండి, చూడదగ్గ అడవి. కానీ అది కూస్తే వినండి, మీరు కూయించకండి. ఆ పొద్దున మేం కారు దగ్గరికి చేరేదాకా అది పిలుస్తూనే ఉంది.