మగ్గం ఆగితేనే వినబడే పాట

మాది గద్వాల. మగ్గం గుంటలో కూర్చుని కాళ్ళతో చెక్కలు తొక్కుతూ నేస్తుంటే నడుము దాకా నేలలోనే ఉంటాను. నాకు తోడు ఒక ఫోను. మొదట్లో అందులో సినిమా పాటలే వినేదాన్ని. హీరోయిన్ ఒక చరణం తోటలో పాడుతుంది, రెండో చరణానికి చీర మార్చి మంచుకొండ ఎక్కేస్తుంది. ఒక్క చీరకు ఎన్ని రోజులు కూర్చోవాలో తెలిసినదాన్ని కదా, చూస్తే ఒళ్ళుమంట.

ఒకరోజు ఆ పాటల వెనకే ఫోను తనంతట తానే ఇంకోటి పెట్టింది. పెద్ద స్టేజీ మీద ఒక లావుపాటి తెల్లావిడ కదలకుండా ఒక్కచోటే నిలబడి పాడుతోంది. కింద ఒపెరా అని ఉంది. భాష ఒక్క ముక్క తెలియదు. అయినా తనను వదిలిపెట్టమని ఎవరినో అడుగుతోందని అనిపించింది. ఆమె మీద నాకు ప్రేమ పుట్టింది.

చిక్కల్లా పాట చివర. ఆమె గొంతెత్తినంతసేపు మగ్గం చప్పుడులోనూ వినబడుతుంది. చివర్లో గొంతు బాగా తగ్గించేస్తుంది. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకున్నా లాభం లేదు. మగ్గం ఆపాల్సిందే. ఆపితే అరుగు మీంచి మామ గొంతు.

"ఏందమ్మా, చప్పుడు లేదు?"

"దారం తెగింది మామా."

మూడోసారికి ఆయనే లేచొచ్చి చూశాడు. "నేను నేసినన్ని ఏండ్లల్ల గిన్నిసార్లు తెగలే," అన్నాడు.

సాయంత్రం గుంటలోంచి లేచి బయటికొస్తే పొయ్యి, పిల్లలు. ఏడాది ఇలాగే గడిచింది. ఆమెను వదిలారో లేదో తెలియక లోపల ఉడికిపోయేదాన్ని.

ఇదంతా గమనిస్తూనే ఉందేమో, మొన్న అత్తమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె గుంటలోకి దిగక ఐదేళ్ళు.

"లే. జరసేపు నేను కొడ్త. నువ్వు ఎనకకు పోయి ఇను."

"మామకు తెలిస్తే?"

"ఆయనకు చప్పుడే కావాలె. చప్పుడున్నప్పుడు ఎవరు కొడుతున్నరో ఎప్పుడన్న చూసిండా?"

పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన కూర్చున్నాను. మగ్గం చప్పుడు అక్కడికి సన్నగానే వస్తోంది. పాట చివర మొదటిసారి విన్నాను. ఆమె గొంతు తగ్గింది, ఇంకా తగ్గింది, ఆగిపోయింది. ఆమెను ఎవరూ వదల్లేదని అర్థమైంది. బాగా ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని కిందికి చూస్తే, లోపల అత్తమ్మ కొట్టే దెబ్బకు తగ్గట్టు నా పాదాలు ఒకదాని తర్వాత ఒకటి మట్టిని తొక్కుతున్నాయి.